విషయం: మీరు రెండుసార్లు మూసేసిన మా ఫిర్యాదు గురించి

సర్వీసు మేనేజర్ గారికి,

నమస్కారం. నేను నరసాపురంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఆపరేషన్ సామాన్లని ఆవిరితో క్రిముల్లేకుండా చేసే మీ ఆటోక్లేవ్ మిషన్ తలుపు దగ్గర స్టీము కారిపోయి ప్రెషర్ నిలబడటం లేదు. మిషన్ అన్నాక చెడిపోతుంది, దానికి బాధ లేదు. బాధంతా మీవాళ్లు మాట్లాడిన తీరుకే.

మొదటిసారి ఫోన్ చేస్తే ఒకమ్మాయి రెండు రోజుల్లో మెకానిక్ వస్తాడంది. వారమైనా రాలేదు. మళ్లీ చేస్తే, "అక్కడ అలాంటి ఆసుపత్రే లేదంట మేడమ్, కంప్లయింట్ క్లోజ్ చేశాం" అన్నారు. ఆరా తీస్తే మెకానిక్ వెళ్లింది మెదక్ జిల్లా నర్సాపూర్‌కి! మాది గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం అని పిన్‌కోడ్‌తో సహా చెప్పాను. కొత్త కంప్లయింట్ నంబర్ ఇచ్చారు. నాలుగు రోజులకి అదీ క్లోజ్ అని మెసేజ్ వచ్చింది. ఈసారి ఎవరూ ఎక్కడికీ వెళ్లనే లేదు.

మూడోసారి మాట్లాడినాయన ఇరవై నిమిషాలు లైన్లో ఉంచి, "అంత అర్జెంటైతే నీళ్లలో మరగబెట్టి వాడుకోండి" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆటోక్లేవ్‌లు అమ్మే కంపెనీలో కూర్చుని అనాల్సిన మాటేనా అది? నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ధనుర్వాతం క్రిమి బీజాలు ఆ వేడికి చస్తాయన్న నమ్మకం లేదు. అందుకేగా 15 పౌండ్ల ప్రెషర్‌లో 121 డిగ్రీల ఆవిరి పట్టించేది! సామాన్లు పెట్టే డ్రమ్ముకి ఒక టేపు అంటిస్తాం, ఆవిరి పడితే దాని గీతలు నల్లబడతాయి. ఆ గీతలు నల్లబడని డ్రమ్ముని నేను థియేటర్లోకి రానివ్వను. సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి కాన్పుకి వచ్చే ఆడపిల్ల మమ్మల్ని నమ్మి వస్తుంది. కుట్లు చీము పడితే పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని మళ్లీ అదే పంటు ఎక్కాలి. ఆ తల్లికి నేనేం చెప్పాలి?

ఇప్పుడు రోజూ తెల్లారకముందే డ్రమ్ములు ఆటోలో పాలకొల్లు పంపి, తెలిసిన ఆసుపత్రిలో ఆవిరి పట్టించి తెచ్చుకుంటున్నాం. దారిలో వానకి తడిస్తే ఆ సెట్టు పనికిరాదు, మళ్లీ పంపాలి.

తొమ్మిదేళ్లుగా మీ మిషన్లే కొన్నాం. సర్వీసు డబ్బు ఏటా గడువుకి ముందే కట్టాం. పక్క ఊరి ఆసుపత్రికి మీ మిషనే మంచిదని చెప్పింది నేనే. ఆ మాట చెప్పినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది. మెకానిక్‌ని తలుపు రబ్బరుతో సహా పంపండి. మరగబెట్టుకోమన్న ఆ సలహా ఇంకే ఆసుపత్రికీ ఇవ్వకుండా మీవాళ్లకి చెప్పండి. శనివారం లోపు ఎవరూ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. సోమవారం భీమవరం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్తాను. మీకు ఫోన్ చేసిన ప్రతి తేదీ, మీవాళ్లు చెప్పిన ప్రతి మాట థియేటర్ రిజిస్టర్‌లో రాసి పెట్టాను.

ఇట్లు,
థియేటర్ ఇన్‌చార్జి నర్సు,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా