మా ప్రహరీ గోడకు ఇంకా నీళ్ళు పడుతున్నాయి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో వ్యక్తిత్వం మార్చుకోవడం గురించి ఒక వ్యాసం వేశారు. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి గట్టిగా అనుకుంటే 21 రోజుల్లో కొత్త మనిషి అయిపోవచ్చని అందులో ఉంది. బుధవారం దానికి జవాబుగా ఒక పెద్దాయన ఉత్తరం వేశారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని, మిగతాదంతా డబ్బులు గుంజే మాటలని ఆయన తేల్చేశారు. రెండూ రెండేసి సార్లు చదివాను.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట పల్లె. నాకు అరవై దాటాయి. నేను బడిలో చదువుకున్నదాన్ని కాదు, 1991లో అక్షరదీపం అని మా జిల్లాలో పెద్దవాళ్ళకు చదువు చెప్పిన కార్యక్రమం రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది. మీకు పనికిరానిది కోసేయండి.

ఈ విషయంలో నేను దగ్గరుండి చూసిన మనుషులు ఇద్దరే. ఒకరు మా ఆయన, ఇంకొకరు నేను.

మా ఆయన బేల్దారి మేస్త్రి. పనిలో వంక పెట్టినవాళ్ళు లేరు. ఆయన కట్టిన గోడకు దారం కట్టి గుండు వదిలి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. సాయంత్రం కూలి చేతిలో పడితే మాత్రం నేరుగా సారా అంగడికే. ఆ రోజుల్లో సారా పాలిథిన్ ప్యాకెట్లలో వచ్చేది. సరఫరా ప్రభుత్వానిది, అంగళ్ళు వేలంపాటలో పాడుకున్న కాంట్రాక్టర్లవి. తాగే నీళ్ళకు రెండు మైళ్ళు నడిచే మా ఊరికి సారా జీపు మాత్రం టైము తప్పేది కాదు.

తాగి వచ్చి ఏం చేసేవాడో రాయను. మా వీధిలో అందరిళ్ళలో జరిగిందే. ఆడవాళ్ళం ఒకరికొకరం చెప్పుకునే మాట ఒకటుండేది: "మనిషి బంగారం, ఆ పాడు తాగుడే లేకపోతే." మా అమ్మ ఆ మాటే అనేది. నేనూ నమ్మాను. మా అత్తది మాత్రం వేరే మాట. ఒళ్ళు వాచి ఏడుస్తుంటే ఆమె నాకు చెప్పింది మీ పెద్దాయన రాసిన సామెతే. పుట్టు బుద్ధి పుడకలతో గానీ పోదమ్మా, నువ్వే సర్దుకో అని. అప్పుడు నాకు తట్టలేదు గానీ ఇప్పుడు తడుతోంది. మా ఆయన బుద్ధి మారడానికి కాటిదాకా గడువుంది. నా బుద్ధి మాత్రం ఆ సాయంత్రం పొయ్యి వెలిగించే లోపలే మారిపోవాలి. ఆ సామెతను మా ఊళ్ళో మగవాళ్ళ గురించి చెప్పగా వందసార్లు విన్నాను. కోడలి విషయంలో "పోనీలే, ఆమె గుణం అంతే, మనమే సర్దుకుందాం" అనగా ఒక్కసారీ వినలేదు.

రాత్రిబడిలో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన కథ మాకు పాఠంగా వచ్చింది. దూబగుంట ఎక్కడో లేదు, మా పక్కనే. అక్కడి ఆడవాళ్ళను ముందుండి నడిపించిన రోశమ్మ పేరు ఆ తరవాత పేపర్లలో మోగింది. చదువు చెప్పే పిల్లోడు ఇంటరు తప్పి ఊళ్ళో తిరుగుతున్నవాడు. ఆ పాఠం సగంలో కిరసనాయిలు అయిపోయి లాంతరు ఆరిపోతే చీకట్లోనే మాట్లాడుకున్నాం. 1992లో మా ఊళ్ళోనూ జీపును ఆపాం. మీరు నన్ను చీపురు పట్టుకుని ముందు నడిచిన వీరనారి అనుకోకండి. పిల్ల చెయ్యి పట్టుకుని నాలుగో వరసలో నిలబడ్డాను. జీపు డ్రైవరు హారన్ కొడితే పక్కకు తప్పుకోబోయాను కూడా. వెనకనున్న ముసలామె నా కొంగు పట్టుకుని లాగింది గనక ఆగాను. ఆ ఏడాది జిల్లాలో సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో సారా ఆపారు, అక్టోబరులో రాష్ట్రమంతా ఆపారు. 1995 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం మద్యం మొత్తానికే నిషేధం పెట్టింది.

సారా పోయింది. ఇక బంగారంలాంటి మనిషి బయటికి వస్తాడని ఎదురుచూశాను.

మొదటి నెల చేతులు వణికి తాపీ పట్టలేకపోయాడు. తరవాత తేరుకున్నాడు. కూలి డబ్బు ఇంటికి రావడం మొదలైంది, పిల్లలకు పండక్కి గుడ్డలు వచ్చాయి. అవి చిన్న విషయాలని నేను అనను. కానీ కోపం ఎక్కడికీ పోలేదు. తాగే రోజుల్లో రాత్రిపూట ఉండే కోపం ఇప్పుడు పగలు కూడా ఉంది, అంతే తేడా. ఒకరోజు చారులో ఉప్పు తక్కువైందని గిన్నె తీసి వాకిట్లోకి విసిరేశాడు. చుక్క తాగలేదు, నిండు తెలివిలో ఉన్నాడు. తాగొచ్చి కొట్టిన రోజుల్లో కూడా నాకు అంత భయం వేయలేదు. అంతకు ముందు తప్పంతా సారా మీదికి నెట్టేదాన్ని. ఇప్పుడు ఎవరి మీదికి నెట్టను?

చూశావా, నేను చెప్పలేదా అని మీ పెద్దాయన అంటారేమో. కాస్త ఆగండి.

1999లో మేము సొంతిల్లు కట్టుకున్నాం. ప్రహరీ గోడ ఆదివారాలు ఆయనే కట్టాడు. పిల్లాడు పదో తరగతి తప్పాడని ఒక సాయంత్రం ఇంట్లో గొడవ మొదలైంది. నా మీదికి చెయ్యెత్తాడు. మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. మధ్యలో వచ్చి నిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు, నిలబడింది అంతే. వాకిట్లో మా పొదుపు సంఘం ఆడవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు, వాళ్ళూ లేచి నిలబడ్డారు. ఆయన చెయ్యి దించి, గడప దాటి, తొట్టి దగ్గరున్న బకెట్ తీసుకుని కొత్త గోడకు నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా కొట్టాడు. లోపలికి వచ్చి అన్నం తిని పడుకున్నాడు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. కోపం వస్తే బకెట్ తీసుకుని బయటికి పోతాడు. కొత్త గోడకు వారం, పది రోజులు నీళ్ళు పడితే చాలంటారు. మా ప్రహరీకి పాతికేళ్ళు దాటినా పడుతూనే ఉన్నాయి. ఊళ్ళో అంత గట్టి గోడ ఇంకోటి లేదు. ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే రోజుల్లో ఇదొక కొత్త తగువు. కోపాలేవో వానాకాలంలో తెచ్చుకోవయ్యా అంటే దానికీ కోపమే.

తాగుడు సంగతి కూడా చెప్పాలి గదా. 1997లో నిషేధం ఎత్తేశాక టౌన్లో బ్రాందీ షాపు తెరిచారు. నాకు తెలిసి ఆయన రెండుసార్లు తాగాడు, మూడోసారి లేదు. ఎందుకు మానేశావని అడిగితే, "సీసా కోసం బస్సెక్కి ఎవడు పోతాడే" అన్నాడు. ఇందులో మనోబలం ఎంతో, బద్ధకం ఎంతో మీ వ్యాసం రాసినవారే చెప్పాలి. వీధి చివర ప్యాకెట్ దొరికే రోజులే అయితే ఆ జవాబు వచ్చేది కాదని మాత్రం నాకు తెలుసు.

ఇక నా సంగతి. రాత్రిబడిలో మొదటి రోజు ఆ పిల్లోడు పేరు అడిగితే నేను చెప్పలేదు. మొగుడి పేరు పలక్కపోవడం ఆచారం, సొంత పేరు పలక్కపోవడం నా గుణం. పక్కనామె చెప్పింది. తరవాత రోజుకు రూపాయి పొదుపు మొదలైనప్పుడు మా సంఘంలో పదిహేనుమందిమి. లెక్కల పుస్తకం గీత మీద సరిగ్గా రాసేది నేనొక్కదాన్నే అని నన్ను లీడరుగా కూర్చోబెట్టారు. ధైర్యం ఉండి కూర్చోలేదు, దస్తూరి బాగుండి కూర్చున్నాను. నెలకోసారి బ్యాంకుకు పోవాలి. మొదటిసారి మేనేజరు ముందు "సార్" అని ఆగిపోయాను, మిగతాది వెంట వచ్చినామె చెప్పింది. ఆయన టీ ఇప్పించాడు గానీ గొంతు దిగలేదు. రెండేళ్ళు తిరిగాక అదే గదిలో లోన్ ఎందుకు తగ్గించారని గట్టిగా అడిగాను. మధ్యలో ఏ నెల, ఏ రోజు మారానంటే చెప్పలేను. మారదామని ఒక్కరోజు కూడా అనుకోలేదు. పోక తప్పదు గనక పోయాను.

అయితే మారింది మంచికేనా అంటే, అదీ చెప్పాలి. ఒకసారి వాయిదా కట్టలేదని ఒకామెను అందరి ముందూ చెడామడా తిట్టాను. ఆమె ఆ వారం జ్వరంతో పడి ఉందని తరవాత తెలిసింది. సంఘం మానేసింది. ఇప్పటికీ రేషన్ షాపు దగ్గర ఆమె కనబడితే నేను తల తిప్పుకుంటాను. "మామకు తగ్గిన కోపమంతా నీకే వచ్చింది అత్తా" అని మా కోడలు నవ్వుతూనే అంటుంది గానీ, నవ్వు కోసం అనదు. ఇంకోటి. ఊళ్ళో వాళ్ళు నన్ను జంకులేని మనిషి అంటారు. ఆఫీసరు ముందు కాగితం పట్టుకుంటే ఇవాళ్టికీ అరచేతికి చెమట పడుతుంది. మాట తడబడదు, కాగితం మాత్రం తడుస్తుంది.

మా మనవరాలు తిరుపతిలో డిగ్రీ చదువుతోంది, సైకాలజీ ఒక సబ్జెక్టు. మీ వ్యాసం దానికి ఫోన్లో చదివి వినిపించాను. అమెరికాలో విలియం జేమ్స్ అనే ఆయన 1890లోనే, ముప్పై ఏళ్ళకు చాలామంది స్వభావం ప్లాస్టర్‌లా గట్టిపడిపోతుంది, మళ్ళీ మెత్తబడదని రాశాడట. ప్లాస్టర్ మాట వినగానే మంచం మీదున్న మా ఆయన లేచి కూర్చున్నాడు. "ఆ దొర ఎప్పుడన్నా తాపీ పట్టినాడా? పూత గట్టిపడితే ఏమి, చెక్కి మళ్ళా వేసుకోవచ్చు. చెక్కేటప్పుడు దుమ్ము లేస్తాది, ఇంట్లోవాళ్ళకు కష్టం. లోపల ఇటుక మాత్రం ఏదుంటే అదే" అన్నాడు. మనవరాలు ఫోన్లో పకపకా నవ్వింది. ఆయన తన గురించే అన్నాడో, గోడ గురించే అన్నాడో నేను అడగలేదు.

మనవరాలు ఇంకో రెండు విషయాలు చెప్పింది. 2017లో 207 పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారట. చికిత్సల వల్ల, శిక్షణల వల్ల మనుషుల గుణాలు నిజంగానే కొంత మారాయట, అన్నిటికన్నా ఎక్కువ మారింది భయం, ఆందోళన వైపేనట. నా అరచేతులను అడిగితే వేరే మాట చెబుతాయి గానీ, పరిశోధన నాతో చెయ్యలేదు గదా. రెండోది నాకు బాగా నచ్చింది. 2019లో కాలేజీ పిల్లలతో 15 వారాలు ఒక పరిశోధన చేశారట. మారాలనుకున్న గుణానికి తగ్గట్టు వారం వారం చిన్న చిన్న పనులు ఇచ్చారు. ఆ పనులు చేసిన పిల్లల్లో మార్పు వచ్చింది. చేస్తామని ఒప్పుకుని చెయ్యని పిల్లలకు కోరిక ఉన్నా లాభం రాలేదు. అద్దం ముందు నిలబడే కార్యక్రమం గురించి ఇంతకన్నా నేను చెప్పేదేమీ లేదు. నాకు ఆ పనులు ఇచ్చింది సంఘం పుస్తకం. నా అంతట నేను ఒప్పుకోలేదు, కాకపోతే తప్పించుకునే దారీ లేదు.

ఇది చదివి ఎవరైనా ఆడపిల్ల మొగుడికి బకెట్ కొనిచ్చి ఎదురుచూస్తుందేమోనని నాకు టెన్షన్. అమ్మా, మా ఆయన బకెట్ పట్టుకున్నది పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు. ఒక పిల్ల అడ్డం నిలబడ్డాక, వాకిట్లో ఇద్దరు లేచి నిలబడ్డాక. అంతకు ముందు నేను ఒక్కదాన్నే ఏడ్చినన్నాళ్ళు పట్టుకోలేదు. ఆయన మారాడు గదా అని పాత లెక్క కొట్టేశాననీ అనుకోకండి. ఆ పేజీ చింపలేదు.

మారాడా అంటే మా ఊరంతా మారాడనే చెబుతుంది. "మేస్త్రి ఎంత నెమ్మదస్తుడో" అని కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు నాతోనే అంటారు. లోపల కూర్చుని బకెట్లు లెక్కపెట్టేదాన్ని నేను. మొదట్లో ఇరవై, పాతిక. మా అమ్మాయి పెళ్ళినాటికి పది. ఈ మధ్య మూడు, నాలుగు. వయసు మీద పడి చేతులు లాగుతున్నాయో, కోపమే తగ్గిందో తెలీదు. మోటారుకు పైపు తగిలిస్తాను నాన్నా, ఎందుకు మోస్తావని కొడుకు అడిగితే వద్దన్నాడు. పైపుతో కుదరదట.

నా పేరు వెయ్యవద్దని మనవి. రాత్రిబడిలో నేను మొట్టమొదట రాయడం నేర్చుకున్నది నా పేరే, అదే ఈ ఉత్తరం కింద లేకపోవడం నాకూ బాగాలేదు. కానీ ఇది ఆయన సంగతి కూడా గదా, ఆయన ఒప్పుకోలేదు. పంపే ముందు ఉత్తరం చదివి వినిపించాను. సారా దగ్గర ఏమీ అనలేదు. గిన్నె విసిరిన చోటికి వచ్చేసరికి లేచి బయటికి పోయాడు. రెండు బకెట్లు పోసి వచ్చి, "చారు కాదు, పప్పుచారు" అన్నాడు.

నాకు గుర్తున్నది చారే. అలాగే ఉంచి పంపుతున్నాను.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం మాజీ లీడరు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా