సుగ్గికి పోయిన పిల్లలకు హాల్‌టికెట్ ఆపొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

సెమిస్టర్ పరీక్షలు దగ్గరికొచ్చినాయంటే కాలేజీల్లో నోటీసు బోర్డు మీద అటెండెన్స్ షార్టేజీ లిస్టు పడుతుంది, పిల్లలు దాని ముందర గుమిగూడి ఎవరి నంబర్ వాళ్లు వెతుక్కుంటారు. నేను ఆదోని వైపు ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. హాజరు వేసేది మేమే కాబట్టి ఎవరి నంబర్ ఎందుకొచ్చిందో మాకు తెలుసు. ఊరికే తిరిగి క్లాసులు ఎగ్గొట్టినోళ్లు ఉంటారు, కాదనను. కానీ సంక్రాంతి దాటినాక నడిచే సెమిస్టర్‌లో కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చే పిల్లల నంబర్లు చానా కనపడతాయి, వాళ్లంతా అమ్మానాయనలతో సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు పోయినోళ్లే.

ఈ పక్క జనాలకు సుగ్గి అంటే చెప్పాల్సిన పని లేదు. పక్కనే తుంగభద్ర పారుతున్నా మెట్ట పొలాలకు నీళ్లు అందవు, ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకున్నా తర్వాత ఊర్లో పని ఉండదు, ఇంటికి తాళమేసి గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు పోతారు. కోసినంతకు కూలి కాబట్టి ఇంకో రెండు చేతులుంటే ఆ మేరకు అప్పు తీరుతుందని డిగ్రీ చదివే పిల్లను కూడా తీసుకుపోతారు. పిల్లను ఒక్కదాన్నే ఇంట్లో వదిలిపెట్టి పోలేక తీసుకుపోయేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. సెమిస్టర్‌కు సుమారు 90 పనిదినాలు. 75 శాతం ఉండాలంటే 22 రోజులు మించి పోకూడదు. 65 నుంచి 75 మధ్య ఉంటే కండొనేషన్, అంటే తక్కువైన హాజరును మన్నించే ఫీజు కట్టించుకుని రాయనిస్తారు, అంటే గట్టిగా 31 రోజులు. మిరప కోతలకు పోయినోళ్లు నెల లోపల యాడొస్తారు? 65 కిందికి పోతే ఇంక ఎవరూ ఏం చేయలేరు, డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా ఇదే 75 శాతం లంకె పెట్టినారు కాబట్టి అదీ పోయే ప్రమాదం ఉంది. డిటెయిన్ అయిన ఆడపిల్ల మళ్లీ కాలేజీకి వస్తుందని నాకైతే నమ్మకం లేదు, ఇంట్లో సంబంధాలు చూడడం మొదలుపెడతారు.

ఇంకో బాధ కండొనేషన్‌కు అడిగే కాగితం. మా దగ్గర అడిగేది మెడికల్ సర్టిఫికెట్ ఒక్కటే. పోయినేడు ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడం, టైఫాయిడ్ వచ్చిందని రాయించుకు రమ్మంటాండారు, నాకు జ్వరమే రాలేదు కదా" అని అడిగింది. మిరపకాయ ఘాటుకు వేళ్ల చివర్లు ఎర్రగా పొక్కి, పెన్ను సరిగ్గా పట్టుకోలేకపోతోంది. ఆ చేతులు చూపిస్తే చాలదంట, లేని జ్వరానికి డబ్బులిచ్చి కాగితం తేవాలంట. నిజం చెప్పిన పిల్లకు దారి మూసేసి అబద్ధం కాగితం తెచ్చినోళ్లకు తెరిచే రూలు ఏం రూలండీ?

బడి పిల్లల విషయంలో ప్రభుత్వమే సుగ్గిని ఒప్పుకుంది, వలస పోయే కుటుంబాల పిల్లల కోసం మన జిల్లాలో సీజనల్ హాస్టళ్లు పెట్టినారు. అదే ఇంట్లో అక్క డిగ్రీకి వచ్చేసరికి వలస అనే మాటే రికార్డుల్లో ఉండదు. 2025 నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టు లా విద్యార్థుల కేసులో అటెండెన్స్ తక్కువుందని పరీక్ష ఆపొద్దు, హాజరు ఎంతుందో వారం వారం పిల్లలకు తెలియజేయండి, తల్లిదండ్రులకు నెలనెలా చెప్పండి, తక్కువైనోళ్లకు అదనపు క్లాసులు పెట్టండి అని చెప్పింది. అది లా కాలేజీల తీర్పే, మన డిగ్రీ కాలేజీలకు నేరుగా వర్తించదు, కానీ అందులో చెప్పిన పనులు చేయడానికి మనకు అడ్డమేముంది? హాజరంతా యాప్‌లో రోజూ ఎక్కుతూనే ఉంది, పరీక్ష ఫీజు కట్టించుకునేదాకా మాత్రం ఎవరికీ చెప్పరు.

అటెండెన్స్ రూలు ఎత్తేయమని నేను అడగడంలేదు, క్లాసుకు రాకపోతే చదువు రాదని రోజూ చూస్తున్నదాన్నే. ఇట్లా వదిలేస్తే అందరూ సుగ్గి పేరు చెప్తారని మా తోటి లెక్చరర్లు కొందరు అంటారు. ఏ ఇంటోళ్లు పోయినారో ఊర్లో అందరికీ తెలుసు, సచివాలయంలో రాయించుకొచ్చిన కాగితాన్ని మెడికల్ సర్టిఫికెట్‌తో సమానంగా తీసుకుంటే సరిపోతుంది. 65 కిందికి పోయినోళ్లకు, వాళ్లు తిరిగొచ్చినాక పరీక్షల లోపల పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట క్లాసులు పెట్టి ఆ హాజరు కలపొచ్చు, చెప్పడానికి నాలాంటోళ్లం సిద్ధంగానే ఉన్నాం. రాయలసీమ యూనివర్సిటీ అధికారులు, ఉన్నత విద్యామండలి వచ్చే సంక్రాంతి లోపలే దీని మీద సర్క్యులర్ ఇవ్వాలని, కుటుంబాలు బండెక్కక ముందే అది కాలేజీలకు చేరాలని మీ పేపర్ ద్వారా కోరుతున్నా.

ఇట్లు,
ఒక గెస్ట్ లెక్చరర్,
ఆదోని, కర్నూలు జిల్లా