మాత్ర వేసుకునే పిల్లల భోజన వేళ మార్చాలి

ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం అనే ఏడీహెచ్‌డీ సమస్య ఉన్న పిల్లల పోషణ మన జిల్లాలో అటు బడికీ ఇటు ఇంటికీ పట్టకుండా పోతోంది. దీనికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు ఆకలిని తగ్గిస్తాయి కనుక, ఉదయం మాత్ర వేసుకున్న పిల్లవాడు మధ్యాహ్న భోజనం పళ్లెంలో మెతుకులు కెలుకుతూ కూర్చుని, మందు ప్రభావం దిగే సాయంత్రానికి ఆవురావురుమంటూ గేటు పక్క బడ్డీకొట్టులో రంగుల చిరుతిళ్లు, ఐసుపుల్లలు కొనుక్కోవడం కావలి పరిసరాల బడుల్లో నేను చూస్తూనే ఉన్నాను. అది మొండితనమని కసురుకోవడం దండగ. చక్కెర మానిపిస్తే జబ్బే పోతుందని తల్లులకు చెప్పేవారికి కొదవ లేదు గానీ, ఆ మాటకు ఆధారం లేదు. కృత్రిమ రంగుల సంగతి వేరు. 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం వెలువడిన తరువాత, టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో సహా ఆరు రంగులు కలిసిన ఆహారంపై, అవి పిల్లల చురుకుదనం మీద, ఏకాగ్రత మీద చెడు ప్రభావం చూపవచ్చన్న హెచ్చరికను ఐరోపా సమాఖ్య 2010 నుంచి తప్పనిసరి చేసింది. మాత్రకు ముందే ఇడ్లీ, గుడ్డు, పాలు వంటివి కడుపునిండా పెట్టాలని వైద్యులు తల్లిదండ్రులకు విడమరచి చెప్పాలి. మధ్యాహ్నం తినలేని పిల్లల వంతు గుడ్డు, చిక్కీ బడి విడిచే వేళకు ఇచ్చే వెసులుబాటును విద్యాశాఖ ప్రధానోపాధ్యాయులకు కల్పించాలి. బడి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఈ పిల్లల ఎత్తు, బరువు, రక్తహీనత ప్రత్యేకంగా పరిశీలించి, బరువు తగ్గుతుంటే మందు రాసిన వైద్యునికి తెలియజేయాలి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి, నెల్లూరు జిల్లా