భీమిలిని భీమిలిగానే ఉంచండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయనగరంలో హైస్కూలు పిల్లలకి సోషల్ చెప్పి రిటైరైన టీచర్ని. నాతో కలిసి పనిచేసిన ఇద్దరు స్నేహితురాళ్లూ నేనూ, వీలు కుదిరినప్పుడల్లా తగరపువలస మీదుగా భీమునిపట్నం, అదే విశాఖ దగ్గరి భీమిలి, వెళ్లి, రెండు రాత్రులుండి వస్తాం. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, పురుళ్లు అన్నీ అయిపోయాయి. మోకాళ్లు ఇంకా పూర్తిగా మొరాయించలేదు. ఈ రెంటి మధ్యా దొరికిన కొద్దికాలం మాది. పొద్దున్నే ఒడ్డున నడక, మధ్యాహ్నం చేపల కూర తిని ఓ కునుకు, సాయంత్రం సముద్రం ముందు కూర్చుని కబుర్లు. ఇంతకు మించి మేం కోరేదేం లేదు. ఈ మాత్రం కూడా రానురాను కష్టమైపోతోందనే ఈ ఉత్తరం.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఊరికి రోజులు మారబోతున్నాయి. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. భోగాపురం విమానాశ్రయం భీమిలికి ఎంతో దూరం లేదు. విశాఖ నుంచి అటువైపు బీచ్ కారిడార్ అనే మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. అంటే భీమిలికి డబ్బు వస్తుంది. రావాలి కూడా, వద్దనేదాన్ని కాదు. ఏ రూపంలో వస్తుందన్నదే నా బెంగ. మన దగ్గర బీచ్ అభివృద్ధి అనగానే ఫైలు మీద ముందు పడేవి నాకు కంఠతా వచ్చు: జెట్ స్కీలు, జిప్ లైను, ఫుడ్ కోర్టు, రాత్రిళ్లు రంగులు మార్చుకుంటూ వెలిగే ‘ఐ లవ్’ అక్షరాలు, వాటి పక్కనే మనిషెత్తు సౌండ్ బాక్సులు.

అవి ఉండకూడదని కాదు. దానికి రుషికొండ బీచ్ ఉందిగా. 2020లో దానికి శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపు వచ్చినప్పుడు జిల్లాలన్నీ సంతోషించాయి. కుర్రకారు అక్కడ కేరింతలు కొట్టాలి, పారాసెయిలింగు చెయ్యాలి. విశాఖలో 900కె బస్సెక్కితే రుషికొండ దాటాకే కదా భీమిలి వచ్చేది? హుషారు కావలసినవాళ్లు దారిలోనే దిగిపోతారు. దిగకుండా చివరిదాకా వచ్చేవాళ్లం మేం. చివరి స్టాపులో కూడా మళ్లీ రుషికొండే కడితే మేమెక్కడికి పోవాలి?

భీమిలికి ఈ నిదానం ఊరికే రాలేదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే ఈ చోట 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకానికి దిగారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1861లోనే, మన పెద్ద ఊళ్లు చాలావాటికి ఆ ఆలోచనైనా రాకముందే, ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. తర్వాత వర్తకమంతా విశాఖ రేవుకి తరలిపోయింది, ఓడలు రావడం మానేశాయి, రేవు కాస్తా వీధుల్లో మేకలు తిరిగే ఊరయింది. పాత లైట్‌హౌసు, గడియార స్తంభం, పెంకుటిళ్లు, పావురాళ్లకొండ మీద బౌద్ధ భిక్షువులు వాన నీళ్ల కోసం రాతిలో తొలిపించుకున్న తొట్లు, అన్నీ నడిచి చూసేంత దగ్గర్లోనే ఉన్నాయి. డచ్చివాళ్ల శ్మశానమూ అంతే. రాతి ఫలకాల మీద వాళ్ల భాషలో చెక్కిన అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. ఎవరా చచ్చిపోయింది, ఏ వయసులో, ఎందుకొచ్చారింత దూరం? చదివి చెప్పే బోర్డొకటి తెలుగులో పెట్టిస్తే, నాలాంటి సోషల్ టీచరు అక్కడ గంటసేపు గడిపేస్తుంది. దానికయ్యే ఖర్చు మీ వెలిగే అక్షరాల్లో ఒక్క అక్షరం పాటి ఉండదు.

పొద్దున్న పడవలొచ్చే వేళకి ఒడ్డుకి వెళ్లారనుకోండి, వేరే వినోదం అక్కర్లేదు. వల దులుపుతుంటే కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు ఇసుక మీద పడతాయి. మధ్యలో వలకి చిక్కుకున్న పీతని విడదీయలేక ఓ అబ్బాయి దాని వంశాన్నంతా తిడుతుంటాడు. గంపలు పట్టుకున్న ఆడవాళ్లు అప్పటికే ధర తేల్చేస్తుంటారు. తడి ఇసుకలో నల్లగా మెరిసే చారలు మురికి అనుకుని మా స్నేహితురాలు చీర ఎత్తి పట్టుకుంది. మురికి కాదు, అది ఇల్మనైటు, గార్నెట్ లాంటి ఖనిజాల ఇసుక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో ఒడ్డు బోసిపోతుంది. మే నెలలో వచ్చి తాజా వంజరం కావాలని మారాం చేసే టూరిస్టుకి ఆ సంగతి చెప్పేవాళ్లుండాలి. సుందరీకరణ పేరు చెప్పి ఈ పడవల్ని ఒడ్డు మీంచి జరిపేస్తే మాత్రం, మేం చూడ్డానికొచ్చేదే మీరు తీసేసినట్టు.

ఇక మాకు లేనివి చెప్తాను. నీడ లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని ఊడ్చేసింది, ఎన్ని చెట్లు పోయాయో మీకూ తెలుసు. సరుగుళ్లు, కొబ్బరి చెట్లు, ఉప్పుగాలిని ఓర్చుకునే పొన్నలు నాటించండి. ప్రారంభోత్సవం రోజున ఒక మొక్క నాటి ఫొటో దిగితే చాలదు, మూడేళ్లు నీళ్లు పోసే మనిషికి జీతమివ్వాలి. కూర్చోడానికి వేస్తున్న నల్లరాతి దిమ్మలు మధ్యాహ్నానికి పెనంలా కాలతాయి. వాటికి వెనక ఆనుకోడానికేం ఉండదు. అరవై దాటిన నడుము పది నిమిషాలకే లేవమంటుంది. చెక్కతో, వీపు ఆనేలా నాలుగు బల్లలు వేయించండి.

మరుగుదొడ్డి గురించి ఆడవాళ్లమే చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. మేం ముగ్గురం సాయంత్రం టీ మానేస్తాం. మంచినీళ్లు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగుతాం. కారణం వేరే చెప్పక్కర్లేదనుకుంటా. గడియ పడే తలుపు, కొళాయిలో నీళ్లు, హ్యాండ్‌బ్యాగు తగిలించుకోడానికి గోడకో కొక్కెం, రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచే మనిషి. పది రూపాయలు కాదు, ఇరవై అడగండి, ఇస్తాం.

శబ్దం సంగతికొస్తే కొత్త చట్టం అవసరం లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా మైకులు పెట్టకూడదు. నా విన్నపం ఇంకొంచెం ఎక్కువ: ఈ ఒక్క ఊళ్లో ఇసుక మీద సౌండ్ బాక్సు అసలే వద్దనండి. దీపాలు కూడా తగ్గించండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చాక వెలుతురున్న వైపే సముద్రమనుకుంటాయి, ఫ్లడ్ లైట్లుంటే రోడ్డెక్కుతాయి. పుదుచ్చేరిలో సముద్రం పక్క రోడ్డుని రోజూ సాయంత్రమయ్యేసరికి వాహనాలకి మూసేస్తారు, జనం రోడ్డు మధ్యలో నడుస్తారు. ఇక్కడ శని, ఆదివారాలు చేసి చూడండి. చేపల బండి వెళ్లాలి, అది ఊరి బతుకు. మా కార్లు కాస్త అవతల ఆగితే ఎవరికీ నష్టం లేదు.

ముగ్గురు ముసలమ్మల కోసం ప్రభుత్వం ఇంత చెయ్యాలా అని మీ సలహాదార్లు అనొచ్చు. ఆదివారం పూట కార్లో వచ్చి, ఫొటోలు దిగి, చిప్స్ ప్యాకెట్లు పారేసి, చీకటి పడకముందే వెళ్లిపోయేవాళ్లు ఊరికి ఏం మిగులుస్తారు? రెండు రాత్రులుండేవాళ్లు గది అద్దె కడతారు, మూడు పూటలా తింటారు, ఆటో ఎక్కుతారు, ఇంటికి ఎండుచేపలు కట్టించుకుంటారు. అదీ జనం లేని మంగళవారం, బుధవారం. తమిళనాడులో తరంగంబాడి చూడండి. 1620 నాటి డేనిష్ కోట, పక్కన బాగుచేసిన పాత ఇళ్లు, ముందు సముద్రం. అక్కడ చెయ్యడానికేమీ లేదు గనకే జనం వెళ్తారు. ఇంకో మాట. పిల్లల్లేకుండా పెద్దవాళ్లు బీచ్‌కి వెళ్తారంటే కొందరికి బారూ స్పా మాత్రమే తోస్తాయి. తాగేవాళ్లని తాగనివ్వండి, నాకేం పేచీ లేదు, సీసా ఇసుకలో పగలకుండా ఉంటే చాలు.

అన్నిటికన్నా నన్ను కుదిపింది గది విషయం. ఒక లాడ్జిలో కౌంటరు దగ్గర మా ఆధార్ కార్డులు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, “మగవాళ్లెవరూ రాలేదామ్మా?” అని అడిగాడొక అబ్బాయి. లేరన్నాం. “పోనీ మీ బాబు నంబరివ్వండి, ఓ మాట కనుక్కుంటాను” అన్నాడు. ముగ్గురి వయసూ కలిపితే నూట ఎనభై దాటుతుంది. నా చేత వాయింపులు తిన్న కొడుకు దగ్గర నాకు అనుమతి! నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది. మాకైనా చివరికి గది దొరికింది. మా స్నేహితురాలి మేనకోడలు, బ్యాంకులో ఆఫీసరు, ఒక్కతే వచ్చిందని ఇంకోచోట గదే ఇవ్వలేదు. పెళ్లికాని జంటల సంగతి చెప్పనే అక్కర్లేదు. మేజరైన మనిషి గుర్తింపు కార్డు చూపిస్తే గది ఇవ్వొద్దనే చట్టం ఈ దేశంలో లేదు, అయినా ఎవరికి వాళ్లు కౌంటరు దగ్గర ఓ చట్టం రాసుకుంటున్నారు.

చెట్లు పెరగడానికి ఏళ్లు పడుతుంది, మరుగుదొడ్లకి టెండర్లు పిలవాలి. దీనికి మాత్రం పైసా ఖర్చు లేదు. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకైనా, ఎవరికైనా, గుర్తింపు కార్డుంటే గది నిరాకరించకూడదని, తోడెవరని అడగకూడదని ఒక ఉత్తర్వు ఇప్పించండి. లాడ్జీల్లో కౌంటరు పైన కనబడేలా దాన్ని అతికించమనండి, కింద ఫిర్యాదు చెయ్యడానికి ఓ ఫోన్ నంబరు వేయించండి. ముందు ఆ పని చెయ్యండి. మిగతావాటి గురించి మళ్లీ రాస్తాను.

ఇట్లు,
రిటైరైన ఒక సోషల్ టీచరు,
విజయనగరం