ఆ రాత్రి మాతో ఉండిపోయిన సిగ్నల్ మెయింటెయినర్ గారికి

మా రైళ్ల సంస్థలో ఏ సిస్టమ్ పనిచేస్తోందో, ఏది ఆగిపోయిందో చూపించే పాత మానిటరింగ్ టూల్స్ అన్నీ ఆపేశాం. మొత్తం కొత్త సాఫ్ట్‌వేర్ ప్లాట్‌ఫామ్ మీదే నడుస్తోంది, పొద్దున్న మొదటి బండి టైముకే కదిలింది. డే షిఫ్ట్ వాళ్లకి అప్పజెప్పి ఇప్పుడే వచ్చి కూర్చున్నాను. ఒక్కసారి పడుకున్నానంటే ఇందులో సగం మర్చిపోతానేమోనని భయంగా ఉంది, అందుకే ముందు ఇది రాసేసి తర్వాత పడుకుంటాను. కళ్లు మూతలు పడుతున్నాయి, వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

మా పని గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. రైళ్లు నడిపే సంస్థలో ఐటీ అంటే టికెట్ మిషన్లు, గేట్లు, ప్లాట్‌ఫామ్ మీద బోర్డులు, అనౌన్స్‌మెంట్లు, కెమెరాలు, స్టేషన్ల మధ్య నెట్‌వర్క్, వీటన్నిటి వెనక ఉండే సర్వర్లు, డేటాబేస్‌లు. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో ఒక్కో కంపెనీ పెట్టి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ తమదైన మానిటరింగ్ టూల్ కూడా తగిలించి వెళ్లారు. ఎక్కడో ఒక స్టేషన్లో ఒక నెట్‌వర్క్ స్విచ్ పోతే నెట్‌వర్క్ టూల్లో ఒక అలారం, బోర్డుల టూల్లో బోలెడు అలారాలు, సర్వర్ల వాళ్లకి వేరే, టికెట్ల వాళ్లకేమో నేరుగా ఫోన్లు. జబ్బు ఒకటే, కానీ అందరూ తలో కాల్‌లో కూర్చుని మా వైపు అంతా బాగానే ఉందని చెప్పుకునేవాళ్లు. ఈలోగా ప్రయాణికుడు బోర్డు కింద నిలబడి తల పైకెత్తి చూస్తూనే ఉంటాడు. ఈ బాధ పోవాలనే అన్నిటినీ ఒకే అబ్జర్వబిలిటీ ప్లాట్‌ఫామ్ మీదకి, అంటే ఏ వ్యవస్థ లోపల ఏం జరుగుతోందో చూపించే సాఫ్ట్‌వేర్ మీదకి తెచ్చాం. మెట్రిక్స్ (కొలతలు), లాగ్స్ (సిస్టమ్‌లు రాసుకునే చిట్టాలు), ట్రేసెస్ (ఒక పని ఏయే సిస్టమ్‌ల గుండా వెళ్లిందో చూపేవి) అన్నీ ఒకచోట, ఒకే టైమ్‌లైన్ మీద. డేటా సేకరణకి ఓపెన్‌టెలిమెట్రీ తీసుకున్నాం. 2019లో ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ అనే రెండు ప్రాజెక్టులు కలిసి ఏర్పడిన ఓపెన్ ప్రమాణం అది. రేపు ఇంకో ప్లాట్‌ఫామ్‌కి మారాల్సి వచ్చినా మళ్లీ ప్రతి సర్వర్ దగ్గరికీ వెళ్లి మొదట్నుంచి మొదలుపెట్టక్కర్లేదు. సిగ్నలింగ్ జోలికి మాత్రం మేం వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. అది ప్రాణాలకి సంబంధించిన వ్యవస్థ, దాని నెట్‌వర్క్ వేరు, మనుషులు వేరు.

అందుకే ఈ పోస్ట్ ఎవరి గురించి రాస్తున్నానో ఆయనకి మాతో ఏ పనీ లేదు. ఆయన సిగ్నల్ మెయింటెయినర్, అంటే రైలు సిగ్నళ్లు సరిగ్గా పనిచేసేలా చూసుకునే మనిషి. నిన్న రాత్రికి ముందు ఆయన ముఖం కూడా నాకు తెలియదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

చివరి బండి వెళ్లిపోయాక, తెల్లవారుజామున మొదటి బండి బయల్దేరకముందు ఉండే ఆ కాస్త గ్యాప్‌లో పాత సర్వర్లు ఒక్కొక్కటీ ఆపుతూ వచ్చాం. గోడ మీద పెద్ద స్క్రీన్ అంతా పచ్చగా ఉంది. అందరం లోపల్లోపల ఊపిరి పీల్చుకుంటున్నాం. అప్పుడు ఒకాయన రిఫ్లెక్టివ్ జాకెట్‌తోనే తలుపు తీసుకుని లోపలికొచ్చి, "ఇక్కడ ఎవరమ్మా బోర్డులు చూసేది?" అన్నారు. ఆయన పనిచేసే స్టేషన్లో బోర్డు మీద ఎప్పుడో వెళ్లిపోయిన బండి ఇంకా కనిపిస్తోందట. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే, మా స్క్రీన్ మీద ఆ స్టేషన్ పచ్చగానే ఉందని చెప్పి టికెట్ (నమోదు చేసిన ఫిర్యాదు) మూసేశారట. అప్పటికే ఆయన డ్యూటీ అయిపోయింది. ఇంటికి వెళ్లిపోవచ్చు. వెళ్లకుండా, మేం ఎక్కడ కూర్చుంటామో కనుక్కుని వచ్చారు.

నేను స్క్రీన్ చూపించాను. బోర్డులన్నీ పింగ్‌కి, అంటే ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పంపే పలకరింపుకి జవాబిస్తున్నాయి, అలారం ఒక్కటీ లేదు. ఆయన కాసేపు చూసి అడిగిన ప్రశ్న నా తలలో ఇంకా తిరుగుతూనే ఉంది. "మా దగ్గర కరెంటు రాకపోతే సిగ్నల్ ఎర్రగా పడుతుందమ్మా. మీ దగ్గర కబురు రాకపోతే పచ్చగా ఎలా ఉంటుంది?"

దాని వెనక ఎంత ఉందో ఆయన అక్కడే నిలబడి చెప్పారు. పట్టాల్లో కరెంటు పారుతూ ఉంటుంది, అది రిలేని (కరెంటుతో పనిచేసే స్విచ్‌ని) పట్టుకుని ఉంచుతుంది. బండి వచ్చినా, పట్టా విరిగినా, వైరు తెగినా, బ్యాటరీ పోయినా ఆ రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. అంటే అంతా బాగుందని ప్రతి క్షణం రుజువు అందుతూ ఉంటేనే దారి ఇస్తారు. రుజువు ఆగిందా, బండి కూడా ఆగాల్సిందే. ఈ ట్రాక్ సర్క్యూట్‌కి విలియం రాబిన్సన్ 1872లోనే పేటెంట్ తీసుకున్నాడు. పట్టాల మీద అంత పాత సూత్రం, అదే సంస్థలో మా స్క్రీన్ల దాకా రాలేదు. పాత టూల్స్ నుంచి తెచ్చిన రూల్స్ అన్నీ విలువ ఇంత దాటితే మోగు అనే రకం. అసలు విలువే రాకపోతే? ప్రొమీథియస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ తరహా రూల్స్‌లో డేటా లేకపోతే లెక్క ఖాళీగా వస్తుంది, ఖాళీ అంటే షరతు నిజం కాలేదని అర్థం, అలారం మోగదు. అలాంటి సందర్భం కోసం ఆబ్సెంట్ అనే ఫంక్షన్ ఉండనే ఉంది. దాన్ని ఎక్కడెక్కడ వాడాలో తెలియాలంటే మాత్రం ఏ స్టేషన్ నుంచి ఏ కబురు రావాలో ముందు తెలియాలి. ఏ డాక్యుమెంట్‌లోనూ లేనిది అదే.

అది ఆయన నోట్‌బుక్‌లో ఉంది! జాకెట్ జేబులోంచి తీసిన చిన్న పుస్తకం, అంచులు నలిగిపోయి ఉంది. ఏళ్ల తరబడి తన చుట్టూ జరిగినవన్నీ, తనకి సంబంధం లేనివి కూడా, రాసుకున్నారు. ఏ గదిలో ఏ ర్యాక్, అందులో ఎవరు పెట్టిన పెట్టె, దాని లైటు ఎలా వెలిగితే ఏం అర్థం. ఆ లైన్ స్టేషన్ల బోర్డులన్నిటికీ బండ్ల సమాచారం అందించేది మధ్యలో ఉన్న ఒక గేట్‌వే పెట్టె. అది మా ఆస్తుల జాబితాలోనే లేదు. అది హ్యాంగ్ అయింది కాబట్టి బోర్డులు చివరి బండి దగ్గరే ఆగిపోయాయి. తను బతికే ఉన్నానని ఆ పెట్టె ఎప్పటికప్పుడు పంపే ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్స్ (నెట్‌వర్క్ పరికరాలు వాటంతట అవే పంపే చిన్న కబుర్లు) మేం అప్పుడే ఆపేసిన పాత సర్వర్ అడ్రస్‌కి పోయేలా పెట్టి ఉన్నాయి, అందుకే అవి ఆగినా మాకు తెలియలేదు. ట్రాప్స్ యూడీపీ అనే నెట్‌వర్క్ పద్ధతిలో వెళ్తాయి, అందుకునేవాళ్లు ఉన్నారో లేరో పంపేవాళ్లకి పట్టదు. ఇక బోర్డుల సంగతా, వాటికి ప్రాణం ఉంది కాబట్టి పింగ్‌కి పలుకుతూనే ఉన్నాయి.

పెట్టె ఎక్కడుందో ఆయన చెప్తే స్టేషన్ టెలికాం అబ్బాయి వెళ్లి రీస్టార్ట్ చేశాడు. ట్రాప్స్ సంగతి మిగిలింది. ఆ పెట్టెలో అడ్రస్ మార్చడానికి మాకు పాస్‌వర్డ్ లేదు, అందుకని పాత సర్వర్ ఐపీ అడ్రస్‌నే మా కొత్త కలెక్టర్‌కి (డేటా సేకరించే ప్రోగ్రామ్‌కి) ఇచ్చి, ట్రాప్స్ వచ్చే 162వ పోర్ట్‌లో వినమన్నాం. ట్రాప్స్ రావడం మొదలైంది, లాగ్స్ కూడా. టైములు మాత్రం పొంతన లేవు. అది పంపేది పాత తరహా సిస్‌లాగ్ (లాగ్స్ పంపే ఒక పద్ధతి), అందులో సంవత్సరమూ ఉండదు, టైమ్‌జోనూ ఉండదు. నోట్‌బుక్‌లో ఆ పెట్టె పక్కన "గడియారం లోకల్ టైము" అని రాసి ఉంది. ఆ ఒక్క ముక్క లేకపోతే ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో తేల్చుకోలేక తెల్లారిపోయేది.

తర్వాత రూల్స్ తిరగరాశాం. బోర్డు పలుకుతోందా అని కాదు, బోర్డు మీదున్న సమాచారం ఎంతసేపటి కిందటిది అని అడిగేలా. కబురు ఆగితే ఎరుపు. మా సాఫ్ట్‌వేర్ ప్లాట్‌ఫామే పడిపోతే తెలియడానికి, ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక అలర్ట్ పెట్టాం. అది ఆగిన వెంటనే బయటున్న ఇంకో వ్యవస్థ మాకు ఫోన్ చేస్తుంది. డ్రైవర్ డెడ్‌మ్యాన్ పెడల్ మీంచి కాలు తీస్తే బ్రేకులు పడినట్టే.

ఇంత పనీ అయ్యేదాకా ఆయన పక్కనే కుర్చీలో కూర్చున్నారు. అడిగినప్పుడల్లా పేజీ తిప్పి చెప్పారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఇంత చిన్న విషయం మీకు తెలియదా అన్నట్టు చూడలేదు. ఇక అయిపోయిందనుకున్నాక నేను, "మీరు బయల్దేరండి సార్, చాలా ఆలస్యమైంది" అన్నాను. దానికి ఆయన, "మొదటి బండికి బోర్డు సరిగ్గా పడుతుందో లేదో ఎవరో ఒకరు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చూడాలి కదమ్మా. మీరు స్క్రీన్ చూడండి, నేను బోర్డు చూస్తాను" అని వెళ్లిపోయారు. కాసేపటికి ఫోన్. మొదటి బోర్డు కరెక్ట్, రెండోది కరెక్ట్, మూడోది మారింది కరెక్ట్ అని ఒక్కొక్కటీ చదివి వినిపించారు. ఆ లైన్లో మిగతా స్టేషన్లలో డ్యూటీలో ఉన్న తన తోటివాళ్లకి కూడా ఆయనే ఫోన్ చేసి చెప్పారట, వాళ్లూ వరసగా ఫోన్ చేసి చదివారు. ఎవరినీ నేను అడగలేదు. అసలు వాళ్లెవరో నాకు తెలియదు. ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను, ఆయన అవతల నుంచి "ఏమైందమ్మా, ఏదైనా బోర్డు తేడాగా ఉందా?" అని కంగారు పడ్డారు. లేదండీ, అన్నీ బాగున్నాయండీ అనడానికి కూడా గొంతు రాలేదు.

సార్, ఆ ఫోన్లో చెప్పలేనిది ఇక్కడ చెప్తున్నాను. మీకు చాలా చాలా థాంక్స్. మీరు మాకు చేసింది ఉద్యోగం కాదు.

ఇది రాస్తుంటే కోపం కూడా వస్తోంది, దాచుకోను. ప్రాజెక్ట్ ముగింపు రిపోర్ట్‌లో పనిచేసినవాళ్ల పేర్లు పెడతారు. ఆయన పేరు పెట్టడానికి కుదరదట, ఆయన కాంట్రాక్ట్ ఉద్యోగి, పైగా వేరే విభాగం. నోట్‌బుక్‌లోని విషయాలు మాత్రం రిపోర్ట్‌లో అనుబంధంగా కావాలట! ఆ గేట్‌వేలో ఒక్క ఐపీ అడ్రస్ మార్చమంటే దాన్ని పెట్టిన కంపెనీ డబ్బు కట్టి చేంజ్ రిక్వెస్ట్ పెట్టమంటుంది. మన బోర్డులు, మన బండ్లు, మన డేటా, చూసుకోవడానికి మళ్లీ మనమే కట్టాలి. కొనేటప్పుడే కాంట్రాక్ట్‌లో రెండు లైన్లు, పాస్‌వర్డులు అప్పజెప్పాలి, డేటా బయటికి ఇవ్వాలి అని రాసి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఇంకోటి, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి బోర్డు తప్పని చెప్తున్న మనిషి మాట కంటే స్క్రీన్ మీద పచ్చ రంగునే నమ్మి టికెట్ మూసేయడం ఏం పద్ధతి? ఫోన్ ఎత్తిన కుర్రాడిని అనడం లేదు. ఇన్ని నిమిషాల్లో టికెట్ మూయాలని వాడి నెత్తిన లెక్క పెట్టినవాళ్లని అంటున్నాను. స్టేషన్ నుంచి మనిషి చెప్పిన లోపాన్ని స్టేషన్ మనిషి సరేనన్నాకే మూయాలని రాతపూర్వకంగా అడిగాను, మళ్లీ అడుగుతాను.

మా టీమ్ అందరికీ థాంక్స్, మీకు విడిగా చెప్తాను. ఇంట్లో అమ్మకి, మా ఆయనకి, పిల్లలకి కూడా. ఇన్ని రాత్రులు నేను లేకుండా సర్దుకున్నారు, నిద్ర లేచాక మాట్లాడతాను.

అయ్యో, ఫైర్‌వాల్ టీమ్‌ని మర్చిపోయాను. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎందుకని అడక్కుండా పోర్ట్ తెరిచి, పేపర్ వర్క్ పొద్దున్న చూసుకుందామన్నారు. పాత టూల్, కొత్త టూల్ పక్కపక్కన నడిచినన్నాళ్లూ రెండిట్లో అలారాలు ఒక్కొక్కటీ పోల్చి చూసిన ట్రైనీ అమ్మాయిలిద్దరికి కూడా. ఆ పని ఎవరికీ కనిపించదు, అది లేకపోతే కట్‌ఓవర్‌కి (పాతది ఆపి కొత్తదానికి మారడానికి) ధైర్యం చేసేవాళ్లమే కాదు. ప్రతి మెట్రిక్‌కీ బండి నంబర్, ట్రిప్ నంబర్ లేబుల్‌గా పెడితే సిరీస్‌ల (విడివిడిగా దాచాల్సిన కొలతల వరసల) సంఖ్య పేలిపోతుందని మొదట్లోనే ఆపిన డేటాబేస్ అన్నకి.

సర్వర్ రూమ్ తాళం కోసం రెండు అంతస్తులు దిగి ఎక్కిన సెక్యూరిటీ ఆయనకి కూడా, పేరు అడగలేదు, సాయంత్రం వెళ్లి అడుగుతాను. ఆ లైన్ స్టేషన్లలో బోర్డులు చదివిన మెయింటెయినర్లు ఎవరైనా ఇది చూస్తే దయచేసి ఒక మెసేజ్ పెట్టండి, మా కాల్ లిస్ట్‌లో మీ నంబర్లు చేర్చుకోవాలి.