పెళ్లి విందులో శనగపిండి తగ్గించండి

సంపాదకులకు నమస్కారం.

చేపలు తిన్న పూట పెరుగు ముట్టకూడదంటూ మీ పాఠకులు రాసిన ఉత్తరాలు చదివాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారి హయాం నుంచీ పెళ్లిళ్ల వంటలే మాకు బతుకుతెరువు. రిసెప్షన్ మర్నాడు ఎవరికైనా కడుపుబ్బరం చేస్తే అందరూ అనేది ఒకటే మాట: "పులుసు మీద పెరుగు పోసుకున్నాం కదండీ, అదే పడలేదు."

బెంగాలీలు చేపను పెరుగులోనే ఉడికించుకుని ఇష్టంగా తింటారు. చేపతో అసలు భయం ఐసు లేకుండా ఉంచడం. కానగంతలు, సూరల్లాంటి సముద్రపు చేపలు వేడికి అలా పడి ఉంటే వాటిలో హిస్టమిన్ అనే ఒంటికి పడని పదార్థం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, ఒళ్లంతా దురద పెడుతుంది. పెట్టె మూత తీసేసరికి ఐసంతా నీళ్లయిపోయి ఉంటే ఆ సరుకు నేను దింపనివ్వను.

ఇక ఉబ్బరం సంగతి. ఈమధ్య మాకు రాసిచ్చే మెనూలు చూడండి. రాగానే మిరపకాయ బజ్జీ, ఆకులో బొబ్బట్టు, పక్కన మైసూరుపాకు, కూరలో శనగపప్పు, చట్నీలో పుట్నాలు. పేర్లు వేరైనా అన్నీ శనగలే! వాటిలోని కొన్ని చక్కెరలను అరిగించే ఎంజైము మనిషికి లేదు. అవి పెద్దపేగులోకి వెళ్లి పులిసి గ్యాసవుతాయి. ఆపైన రసమలై, ఐస్‌క్రీం. పెద్దయ్యాక పాలలోని చక్కెర సరిగా అరగనివాళ్లు మనలో చాలామంది, వాళ్లకు అదీ అక్కడే పులుస్తుంది. మీద ఒక కూల్‌డ్రింకు. నూనె, నెయ్యి ఎక్కువైన భోజనం కడుపులోంచి త్వరగా దిగదు. రాత్రి పది దాటాక తిని వెంటనే పడుకుంటే ఇంకేముంది? పెరుగు తోడుకునేటప్పుడే పాలలోని చక్కెర కొంత పులుపుగా మారిపోతుంది, అందుకే పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది. పాపం, నింద మాత్రం దానికే.

మా చేతిలో ఉన్నది మేము చేస్తాం. బొబ్బట్లకు శనగపప్పు బాగా నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లలో ఉడికించి, కట్టు వార్చేస్తాం. గ్యాసు చేసే ఆ చక్కెరలు కొంత ఆ నీళ్లలోకే దిగిపోతాయి. ఆ కట్టుతో పెట్టిన చారు అమృతమే, కానీ బజ్జీలున్న రాత్రి నేను పెట్టను.

మిగతాది పెళ్లివారు చేయాలి. పక్కింటివాళ్లు ముప్పై రకాలు పెట్టారని పోటీ పడకండి. పూటకు ఒక్క శనగపిండి వంటకం చాలు. ముహూర్తం అర్ధరాత్రయినా ఎనిమిదికే పంక్తి వేయించండి. ఐస్‌క్రీం పక్కనే అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ పెట్టించండి. పాలు పడని చుట్టాలుంటే ముందే చెప్పండి. మా కోనసీమలోనే ఆత్రేయపురం ఉంది, వాళ్లకు బెల్లం పూతరేకులు తెప్పించి వడ్డిస్తాం.

– ఒక పెళ్లి వంటల మేస్త్రి, కోనసీమ