మీ తోడికోడలి రిపోర్టు చూశాక

ఒసేయ్ బుజ్జీ,

మీ తోడికోడలికి రొమ్ము క్యాన్సర్ అని తేలిన బయాప్సీ రిపోర్టు ఫోటో పంపి, "ఇప్పుడేం చెయ్యాలే?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఫోన్ చేద్దామనుకున్నా. చేస్తే ఇద్దరం ఏడుస్తాం తప్ప పని జరగదని ఇలా రాస్తున్నా. కాఫీ పెట్టుకుని కూర్చో, ఇది కాస్త పొడుగే.

ఆ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని ఉంటాయి చూడు. మొదటి రెండూ గడ్డ ఆడ హార్మోన్లతో పెరిగే రకమా అని, హెర్2 అయితే ఆ పేరున్న ప్రొటీను ఎక్కువుందా అని చెబుతాయి. లేకపోతే ఆ పరీక్షలు ఎప్పుడొస్తాయో అడగండి. ఏ మందు పనిచేస్తుందో వాటిని బట్టే చెబుతారు. నాకు ఇదే క్యాన్సర్ వచ్చినప్పుడు ఈఆర్ పాజిటివ్ అని తేలింది. అందుకే కీమో, ఆపరేషన్, కరెంటు పెట్టడం (అదే, రేడియేషన్) అన్నీ అయిపోయినా, ఆ హార్మోన్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర రోజూ వేసుకుంటున్నా. ఐదేళ్ళు తప్పదు, కొందరికి పదేళ్ళు కూడా ఇస్తారట. మీ తోడికోడలిది చిన్న వయసు కదా, జీన్ టెస్టు కావాలేమో డాక్టరుని అడగమను. రెండో బిడ్డ కావాలని మనసులో ఉంటే ఆ మాట కీమో మొదలవ్వకముందే చెప్పాలి. అండాలు తీసి దాచే పద్ధతి ఉంది. మా ఇంట్లో ఈ ఊసు ఎవరూ ఎత్తలేదు. "ముందు నువ్వు బతికి బట్టకట్టు" అన్నారు. తప్పని అనను, కానీ నన్నొక మాట అడగాల్సింది.

నాది మొదట్లో పాలగడ్డ అన్నారు, నీకు గుర్తుందిగా. చంటిదానికి పాలిస్తున్న రోజులు. చూసిన డాక్టరమ్మ కూడా వేడి కాపడం పెట్టుకోమని పంపేసింది. నొప్పి లేదండీ అంటే "మరింకేం, మంచిదేగా" అంది. క్యాన్సర్ గడ్డ చాలామందికి నొప్పెట్టదని ఆవిడకి తెలియదా? ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది పాలు మాన్పించడం. ఊళ్ళో అయితే వేపాకు నూరి రాసి మెల్లగా మాన్పిస్తారు. నాకు అంత టైమేదీ, కీమో తేదీ నెత్తిమీదికొచ్చేసింది. పిల్లని మా అమ్మ పక్కలో పడుకోబెట్టి నేను ఇంకో గదిలో గడియ పెట్టుకునేదాన్ని. అది పాక్కుంటూ వచ్చి తలుపు గోకుతూ ఏడిస్తే, ఇవతల పాలు వాటంతటవే వచ్చి జాకెట్టు తడిసిపోయేది. ఆపరేషన్ కూడా నన్నంత కుంగదీయలేదే. మీ తోడికోడలి బాబు బడికెళ్ళే వయసు కాబట్టి ఆమెకి ఆ బాధ లేదు. కానీ వాడికి ముందే చెప్పండి, మందు వల్ల అమ్మ జుట్టు ఊడుతుందని. ఈ జబ్బు నీ అల్లరి వల్ల రాలేదురా అని కూడా చెప్పాలి. పిల్లలు అలాగే అనుకుంటారు.

కీమోలో ఎర్ర మందు ఎక్కిస్తే ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తమనుకుని హడలిపోకండి. జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. తెల్ల కణాలు పడిపోయి ఉంటాయి కదా.

జుట్టు రెండు మూడు వారాల్లో ఊడుతుంది. నేను గుండు గీయించేసుకున్నా. ఖమ్మం నుంచి హైదరాబాద్ బస్సులో పక్కసీటు పెద్దావిడ నా తల కేసి చూసి, "తిరుపతి పోయొచ్చినవా బిడ్డా? దర్శనం మంచిగైందా?" అంది. అయిందన్నా. "మరి లడ్డూ?" అని చెయ్యి చాపింది! అయిపోయాయని అబద్ధం చెప్పి, బ్యాగులో ఉన్న మరమరాలు పెట్టా. కళ్ళకద్దుకుని మరీ తిందే తల్లి! మా ఆయన కిటికీ వైపు తిరిగి ఒకటే నవ్వు.

డబ్బుల సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ ఉంటే ఆసుపత్రిలో ముందు ఆరోగ్యమిత్రని, అంటే ఆ పథకం పనులు చూసిపెట్టే మనిషిని కలవండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. కూడా ఉంది, ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. జనం కిక్కిరిసి ఉంటారు, ఓపిక ఉన్న మనిషినే తోడు పంపండి.

చంకలో గ్రంథులు తీసేస్తే ఆ వైపు చేతికి బీపీ పట్టీ, సూది వద్దని చెప్పమను. గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామం బద్ధకించకూడదు. గాజులు బిగుసుకుంటే వాపు మొదలైందని లెక్క, వెంటనే చూపించాలి. పలకరింపుకొచ్చే జనాన్ని నువ్వే కాచుకోవాలి. "ఏ జన్మలో పాపమో" అనేవాళ్ళకి గుమ్మంలోనే మజ్జిగ ఇచ్చి పంపెయ్.

నన్ను చూసి అందరూ గెలిచేశావంటారు. చెకప్ దగ్గర పడితే మాత్రం టెన్షన్‌తో కొత్తిమీర కట్ట వాడిపోయిందని కూడా మా ఆయనతో పోట్లాడతా. పాపం ఆయనకి అలవాటైపోయింది, క్యాలెండర్ చూసి నోరు మూసుకుంటాడు.

నా నంబరు ఆమెకివ్వు. మధ్యాహ్నం చెయ్యమను, మా పిల్ల స్కూల్ వ్యాన్ వచ్చేలోపు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత గాయంలోంచి కారే నీరు పట్టడానికి పక్కన వేలాడే డ్రెయిన్ డబ్బా పెట్టుకోవడానికి మా అమ్మ పాత జాకెట్టు గుడ్డతో మెడకి తగిలించుకునే సంచి కుట్టింది. అదీ, నా కాటన్ టోపీలూ ఉతికి కొరియర్ చేస్తా. అడ్రసు పాతదేనా, ఇల్లు మారారా?

నీ పొట్టి